ఓర్లాండో కాన్ఫరెన్స్‌లో థీమ్ పార్క్ రాత్రి: గేటు తెరిచినప్పటి నుంచి చివరి బస్సు దాకా

ఓర్లాండోలో జరిగే పెద్ద కాన్ఫరెన్సుల్లో చాలావాటికి ఒక ఆనవాయితీ ఉంది. చివరి రోజుకు ముందు రోజు సాయంత్రం ఒక థీమ్ పార్కును మొత్తంగా అద్దెకు తీసుకుంటారు. మామూలు సందర్శకుల్ని ఆ రోజు పెందలాడే పంపించేసి, బ్యాడ్జీ ఉన్నవాళ్ల కోసం మాత్రమే గేట్లు మళ్లీ తెరుస్తారు. రైడ్లు, భోజనం, సంగీతం అన్నీ సాధారణంగా రిజిస్ట్రేషన్ ఫీజులోనే కలిసి ఉంటాయి. షెడ్యూల్లో అది ‘అటెండీ పార్టీ’ అనో ‘సెలబ్రేషన్ నైట్’ అనో కనిపిస్తుంది.

మనవాళ్లు చాలామంది ఆ సాయంత్రం హోటల్ గదిలోనే ఉండిపోతారు. ఆ టైముకి ఇండియాలో తెల్లవారుతుంది, కాల్స్ ఉంటాయంటారు. రోలర్ కోస్టరంటే భయమంటారు. అక్కడ మనం తినేది ఏముంటుందిలే అంటారు. వీటన్నిటికీ మార్గాలున్నాయి కాబట్టి తప్పకుండా వెళ్లండి. పగలు టికెట్ కొనుక్కుని గంటకు పైగా లైన్లో నిలబడి ఎక్కే రైడ్‌ని ఆ రాత్రి చాలాసార్లు పావుగంటలోపే ఎక్కేయొచ్చు. సెలవులకు పిల్లలతో వచ్చినప్పుడు ఎంత ఖర్చు పెట్టినా దొరకని వెసులుబాటు ఇది. ఉండేది మూడు నాలుగు గంటలే. వాటిని ఎలా వాడుకోవాలో చెప్పడానికే ఈ వ్యాసం.

కాన్ఫరెన్సులు ఎక్కువగా జరిగేది ఇంటర్నేషనల్ డ్రైవ్ మీదున్న ఆరెంజ్ కౌంటీ కన్వెన్షన్ సెంటర్‌లో. దానికి దగ్గర్లో యూనివర్సల్ పార్కులున్నాయి కాబట్టి ఉదాహరణలన్నీ అక్కడివే ఇస్తున్నాను. డిస్నీ హోటళ్లలో జరిగే కాన్ఫరెన్సుకు వెళ్తుంటే రైడ్ల పేర్లు మారతాయి, మిగతా పద్ధతి ఇదే.

వారం ముందు: ఏ పార్కు, ఎంత భాగం, ఎన్ని గంటలు

యూనివర్సల్‌కి ఓర్లాండోలో మూడు థీమ్ పార్కులున్నాయి. 1990లో తెరిచిన యూనివర్సల్ స్టూడియోస్ ఫ్లోరిడా, 1999లో తెరిచిన ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్ పక్కపక్కనే ఉంటాయి. 2025 మే 22న తెరిచిన ఎపిక్ యూనివర్స్ వాటికి కొంత దూరంలో, కన్వెన్షన్ సెంటర్‌కి దగ్గర్లో ఉంది. మీ ఈవెంట్ ఏ పార్కులోనో కాన్ఫరెన్స్ యాప్‌లో చూడండి. అంతకంటే ముఖ్యం, పార్కు మొత్తం ఇస్తున్నారా, కొన్ని విభాగాలేనా అన్నది. ప్రైవేటు రాత్రుల్లో అన్ని రైడ్లూ తిరగవు. నడిచే రైడ్ల జాబితా యాప్‌లోనో ఆ రోజు ఇచ్చే మ్యాపులోనో ఉంటుంది. దాన్ని చూడకుండా వేసుకున్న ప్లాన్ గేటు దగ్గరే తేలిపోతుంది.

పక్కపక్కనున్న ఆ రెండు పార్కుల మధ్య నడిచే, హ్యారీ పోటర్ కథల్లోని హాగ్వార్ట్స్ ఎక్స్‌ప్రెస్ రైలు మీద ఆశ పెట్టుకునేవాళ్లు ఒకటి గమనించాలి. దాని ఒక స్టేషన్ ఒక పార్కులో, రెండోది రెండో పార్కులో ఉంటాయి. మీ కాన్ఫరెన్స్ ఒక్క పార్కునే తీసుకుంటే ఆ రైలు మీకోసం నడుస్తుందని అనుకోకండి.

అప్పుడే చూసుకోవాల్సినవి ఇంకో రెండున్నాయి. భార్యనో భర్తనో వెంట తెచ్చుకుంటే గెస్ట్ పాస్ విడిగా కొనాలి, కొన్ని కాన్ఫరెన్సుల్లో అసలు అమ్మరు. పిల్లల్ని చాలాచోట్ల అనుమతించరు. ప్రభుత్వ ఉద్యోగంలోనో బ్యాంకులోనో ఉన్నవాళ్లయితే, వెండర్లు విడిగా పిలిచే పార్టీలకు మీ సంస్థ నియమాలు ఒప్పుకుంటాయో లేదో కనుక్కోండి. రిజిస్ట్రేషన్లో భాగంగా వచ్చే రాత్రికి సాధారణంగా ఈ చిక్కు ఉండదు.

ఆఫ్‌షోర్ కాల్ సంగతి

ఇండియాలోని టీమ్‌తో కాల్స్ తప్పిపోతాయన్న భయం కాగితం మీద లెక్క వేసుకుంటే చాలావరకు పోతుంది. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా ఓర్లాండోకీ ఇండియాకీ మధ్య తేడా తొమ్మిదిన్నర గంటలు. పార్టీ రాత్రి 8కి మొదలైతే హైదరాబాదులో అప్పటికి తెల్లవారుజాము 5:30. పార్టీ 11:30కి ముగిస్తే అక్కడ ఉదయం 9. అంటే మీ టీమ్ స్టాండప్‌కి (రోజూ ఉదయం జరిగే చిన్న మీటింగుకి) కూర్చునే సరికి మీరు బస్సెక్కి ఉంటారు. చలికాలంలో తేడా పదిన్నర గంటలవుతుంది కాబట్టి చివరి గంటలో మాత్రమే ఇబ్బంది. ఆ ఒక్క రోజుకి కాల్‌ని గంట ఆలస్యంగా పెట్టమనండి, లేదా టీమ్ లీడ్‌ని నడిపించమనండి. వారం ముందే చెబితే ఎవరూ కాదనరు. అదే రోజు సాయంత్రం చెబితే వాళ్లకీ ఇబ్బందే, మీకూ రైడ్ లైన్లో నిలబడి ఫోన్ చూసుకోవడమే సరిపోతుంది.

ఇంటికి వీడియో కాల్ చేయడానికి మాత్రం ఇది చక్కటి సమయం. వేసవిలో ఓర్లాండో రాత్రి 9:30 అంటే ఇంటి దగ్గర ఉదయం 7. పిల్లలు స్కూలుకి తయారవుతూ ఉంటారు. పార్కులో దీపాల వెలుగులో ఉన్న కోటను రెండు నిమిషాలు చూపిస్తే వాళ్లకు ఆ రోజంతా చెప్పుకోవడానికి సరిపోతుంది.

ఆ రోజు మధ్యాహ్నం

నాలుగైదు గంటలకల్లా హోటలుకి వెళ్లిపోండి. ఇండియా నుంచి నేరుగా వచ్చినవాళ్లు అరగంట కునుకు తీస్తే రాత్రి పదింటికి కళ్లు మూతలు పడవు. లేచాక కొంచెం ఏదైనా తినండి. ఖాళీ కడుపుతో కోస్టర్ ఎక్కినా, నిండు కడుపుతో ఎక్కినా తిప్పుతుంది. వెంట తెచ్చుకున్న ఉప్మా కప్పుకి గదిలో కాఫీ మెషీన్ నీళ్లు చాలు.

బూట్లు నడకకు అలవాటైనవి వేసుకోండి. కాన్ఫరెన్స్ హాళ్లలో పొద్దున్నుంచీ నడిచిన కాళ్లు మళ్లీ నాలుగు గంటలు నడవాలి. చీరలోనో, పొడుగు చున్నీతోనో సెషన్లకు వెళ్లినవాళ్లు బట్టలు మార్చుకోవడం మంచిది. వేలాడే గుడ్డ రైడ్లలో ప్రమాదం, సిబ్బంది ఎక్కనివ్వకపోవచ్చు కూడా. ల్యాప్‌టాప్ బ్యాగు గదిలో వదిలేయండి. పార్కు గేటు దగ్గర సెక్యూరిటీ తనిఖీ ఉంటుంది, ఎంత తక్కువ సామానుంటే అంత త్వరగా లోపలికి వెళ్తారు. జేబులో బ్యాడ్జీ, గుర్తింపు కార్డు, ఫోను, చిన్న పవర్ బ్యాంక్ ఉంటే చాలు. జిప్ ఉన్న జేబు ఉంటే మరీ మంచిది. మద్యం తీసుకునే ఉద్దేశముంటే వయసు చూపించే ఒరిజినల్ గుర్తింపు కావాలి, అక్కడ చట్టబద్ధ వయసు 21. ఫోన్లో ఉన్న పాస్‌పోర్టు ఫొటో చూపిస్తే ఒప్పుకోకపోవచ్చు.

తల తిరిగే స్వభావం ఉన్నవాళ్లు, ఘాట్ రోడ్డులో బస్సెక్కితే వాంతులయ్యేవాళ్లు, ముందే డాక్టరును అడిగి మాత్ర తెచ్చుకోండి. కొన్ని మాత్రలకు నిద్ర వస్తుంది కాబట్టి కొత్త మాత్రను ఆ రాత్రే మొదటిసారి వేసుకోవద్దు. బీపీ, గుండె, వెన్నునొప్పి సమస్యలున్నవాళ్లకీ, గర్భిణులకీ పెద్ద రైడ్లు వద్దని ప్రతి రైడ్ ముందూ బోర్డుంటుంది. ఆ బోర్డును గౌరవించండి. శరీరం భారీగా ఉన్నవాళ్ల కోసం పెద్ద కోస్టర్ల ముందు టెస్ట్ సీటు పెడతారు. అందులో కూర్చుని చూసుకుంటే పైదాకా వెళ్లి వెనక్కి రావాల్సిన పని ఉండదు.

బస్సు, గేటు

హోటళ్ల నుంచో కన్వెన్షన్ సెంటర్ నుంచో షటిల్ బస్సులుంటాయి. మొదటి బస్సుల్లోనే వెళ్లండి. అందరూ ఏడున్నరకి బయల్దేరదామనుకుంటారు, వేలమంది ఒకేసారి కదిలితే లైను పార్కులో కాక బస్సు దగ్గరే కట్టాల్సొస్తుంది. గేటు తెరిచే నిమిషానికి అక్కడుంటే తర్వాతి గంట మీ చేతిలో ఉంటుంది.

దిగగానే మీ బృందమంతా కలుసుకోవడానికి ఒక చోటు, ఒక టైము మాట్లాడుకోండి. పది మంది గుంపుగా తిరగాలని చూడకండి. ఒకరికి బాత్రూమ్, ఒకరికి ఫొటో, ఒకరికి ఆకలి, అలా గంట కరిగిపోతుంది. ముగ్గురు నలుగురు చాలు.

మొదటి గంట రైడ్లకే

ఈ రాత్రిని బాగా గడిపినవాళ్లకీ, గడపనివాళ్లకీ తేడా వచ్చేది ఇక్కడే. గేటు దాటగానే భోజనం స్టాళ్లు, డీజే, స్వాగతం చెప్పే పాత్రధారులు కనిపిస్తారు. పెళ్లిలో మొదటి బంతికి ఎగబడ్డట్టు జనమంతా ప్లేట్లు పట్టుకుంటారు. సరిగ్గా ఆ ముప్పావుగంట రైడ్లు ఖాళీగా ఉంటాయి. భోజనం ఎక్కడికీ పోదు, గంట తర్వాత కూడా ఉంటుంది.

ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. అది మధ్యలో చెరువు, చుట్టూ విభాగాలతో గుండ్రంగా ఉంటుంది. గేటు నుంచి ఎడమకు తిరిగితే హల్క్ కోస్టర్ గర్జన వినిపిస్తుంది కాబట్టి ఎక్కువమంది అటే వెళ్తారు. మీరు కుడికి తిరగండి. సూస్ ల్యాండింగ్ అనే పిల్లల విభాగం రంగుల్ని దాటుకుంటూ నేరుగా వెనకున్న హ్యారీ పోటర్ విభాగం హాగ్స్‌మీడ్‌కి నడవండి. అక్కడ హాగ్రిడ్ మోటార్‌బైక్ రైడ్ ఉంది. 2019లో తెరిచారు. పగలు ఈ పార్కులో అతి పొడవైన లైన్లలో ఒకటి దీనిదే. మధ్యమధ్యలో ఆగిపోయే అలవాటు కూడా ఉంది కాబట్టి నడుస్తున్నప్పుడే ఎక్కేయాలి. ఒకరు బైకు మీద, ఒకరు పక్క తొట్టిలో కూర్చుంటారు. గంటకు దాదాపు 80 కిలోమీటర్ల వేగం, ఏడుసార్లు ఒక్కసారిగా ముందుకు ఎగదోస్తుంది, కొంత దూరం వెనక్కి కూడా వెళ్తుంది. తలకిందులు మాత్రం చేయదు. కోస్టర్ భయం ఉన్నవాళ్లని మొదట ఎక్కించాల్సింది దీన్నే. రాత్రిపూట చెట్ల మధ్య చీకట్లోంచి దూసుకుపోతుంటే ఆ అనుభవం పగటికంటే ఎంతో గొప్పగా ఉంటుంది.

తర్వాత పక్కనున్న జురాసిక్ పార్క్ వైపు వెళ్తే వెలాసికోస్టర్. 2021లో తెరిచిన ఇది అసలైన ధైర్యవంతులకు. ఎత్తు 155 అడుగులు, వేగం గంటకు 112 కిలోమీటర్లు, నాలుగుసార్లు తలకిందులు చేస్తుంది. చివరి మలుపులో చెరువు నీళ్లకు కాస్త పైన గిర్రున తిప్పుతుంది, కింద పార్కు దీపాలన్నీ నీళ్లలో కనిపిస్తాయి. నా దృష్టిలో ఓర్లాండోలో రాత్రిపూట ఎక్కాల్సిన రైడ్ ఇదొక్కటే అని చెప్పినా తప్పు లేదు. భయపడేవాళ్లని మాత్రం బలవంతపెట్టకండి. బయట నిలబడి చూసినా కళ్లకు పండగే.

ఇక్కడ బ్యాడ్జీ విషయం. వెలాసికోస్టర్, హల్క్ రెండింటి దగ్గరా జేబుల్లో ఏదీ ఉండకూడదు, మెటల్ డిటెక్టర్ దాటాలి. ఫోను, తాళాలు, మెడలో వేలాడే బ్యాడ్జీ అన్నీ ఉచిత లాకర్లో పెట్టాలి. చాలామంది ఫోను గుర్తుపెట్టుకుని బ్యాడ్జీని మరిచిపోతారు. అది లేకపోతే భోజనం దగ్గరా, మరుసటి రోజు సెషన్ల దగ్గరా ఇబ్బంది పడతారు. బ్యాడ్జీ తాడును ఫోనుకి చుట్టి పెడితే రెండూ కలిసే బయటికొస్తాయి.

అక్కణ్నుంచి వెనక్కి హాగ్స్‌మీడ్‌కి వచ్చి హాగ్వార్ట్స్ కోటలోపలి ఫర్బిడెన్ జర్నీ రైడ్ ఎక్కండి. 2010లో ఈ విభాగంతోపాటే తెరిచింది. రైడ్ కన్నా ముందు నడిచే దారే అద్భుతం. మాట్లాడే చిత్రపటాలు, తరగతి గదులు చూస్తూ నింపాదిగా నడవండి, పగలు వెనకనుంచి తోసే జనం ఉంటారు కాబట్టి ఇవి సరిగ్గా చూడలేం. రైడ్ మాత్రం రోబో చేయి మీద కూర్చోబెట్టి తెరల ముందు ఊపుతుంది. పెద్ద కోస్టర్లను హాయిగా ఎక్కేవాళ్లకి కూడా ఇక్కడ కడుపులో తిప్పడం మామూలే. తిప్పినట్టనిపిస్తే కళ్లు మూసుకోండి, కాసేపట్లో తగ్గుతుంది.

హల్క్‌ని చివరికి ఉంచుకోండి. అది గేటుకి దగ్గర కాబట్టి బస్సుకి వెళ్తూ వెళ్తూ ఎక్కొచ్చు. సాధారణంగా మూసే సమయానికి లైన్లో ఉన్నవాళ్లని ఎక్కనిస్తారు. అయినా ప్రైవేటు రాత్రుల్లో సిబ్బంది మాటే ఆఖరు.

నీటి రైడ్లు ఆ రాత్రి తిరుగుతున్నా నా సలహా మానుకోమనే. తడిసిన జీన్స్‌తో ఏసీ బస్సులో తిరుగు ప్రయాణం సరదాగా ఉండదు.

మీ పార్కు యూనివర్సల్ స్టూడియోస్ అయితే

నేరుగా ఇక్కడి హ్యారీ పోటర్ విభాగం డయాగన్ ఆలీకి వెళ్లండి. దాని దారి బయటికి కనిపించదు. లండన్ వీధిలా కట్టిన ముఖద్వారాల వరుస, దాని ముందు మూడంతస్తుల ఊదారంగు బస్సు ఉంటాయి. ఇటుక గోడల మధ్య చిన్న సందు ఉంటుంది, బోర్డు ఉండదు. అందులోంచి తిరిగితే వీధి మొత్తం ఒక్కసారిగా కళ్ల ముందు తెరుచుకుంటుంది. వీధి చివర గ్రింగాట్స్ బ్యాంకు మీద కూర్చున్న డ్రాగన్ కొన్ని నిమిషాలకోసారి నిజమైన నిప్పు కక్కుతుంది. చీకట్లో ఆ వెలుగు మొహాల మీద పడుతుంది, వేడి కూడా తగులుతుంది. ఫొటో కావాలంటే నిప్పు కక్కే ముందు గుర్రుమని శబ్దం వస్తుంది, అప్పుడే ఫోను సిద్ధం చేసుకోండి. పక్కనున్న నాక్‌టర్న్ ఆలీ పూర్తిగా చీకటి సందు, ఏసీ ఉంటుంది. ఉక్కగా ఉన్న రాత్రి కాసేపు సేద తీరొచ్చు.

ఈ పార్కులో ఆ బ్యాంకులోని గ్రింగాట్స్ రైడ్ తర్వాత ఎక్కాల్సింది రివెంజ్ ఆఫ్ ది మమ్మీ. లోపలే తిరిగే కోస్టర్, వాన వచ్చినా నడుస్తుంది.

భోజనం

తొమ్మిదిన్నర ప్రాంతంలో తినండి, అప్పటికి లైన్లు తగ్గుతాయి. శాకాహారులు రిజిస్ట్రేషన్ ఫారంలోనే ఆహార నియమం నింపి ఉంచాలి. అంతటితో వదిలేయకుండా స్టాల్ దగ్గర అడగాలి కూడా. ‘వెజిటేరియన్’ అని రాసున్న వంటకంలో గుడ్డు ఉండొచ్చు. గుడ్డు, పాలు రెండూ వద్దనుకుంటే ‘వీగన్’ అని రాసినవి చూడండి. అడగాల్సినవి ముఖ్యంగా మూడు: అన్నంలో గానీ సూపులో గానీ చికెన్ స్టాక్ వేశారా, బీన్స్‌లో పంది కొవ్వు ఉందా, మార్ష్‌మెలో, మూస్ లాంటి తీపి పదార్థాల్లో జెలటిన్ ఉందా. వడ్డించేవాళ్లకి తెలియకపోతే చెఫ్‌ని పిలవమనండి. అక్కడ అలర్జీల విషయంలో చాలా జాగ్రత్తగా ఉంటారు కాబట్టి చెఫ్ బయటికొచ్చి చెప్పడం మామూలే, మొహమాటపడనక్కర్లేదు. హలాల్ చూసుకునేవాళ్లు కూడా ఇలాగే కనుక్కోండి, లేదంటే శాకాహారమే తీసుకోండి.

హ్యారీ పోటర్ విభాగాల్లో దొరికే బటర్‌బీర్ అనే పానీయంలో మద్యం ఉండదు, పేరు విని వెనకాడకండి. బాగా తీపి, ఇద్దరు పంచుకుంటే చాలు. అసలు మద్యం మాత్రం రైడ్లన్నీ అయ్యాకే. పక్కనున్నవాళ్లలో క్లయింట్లూ, మేనేజర్లూ, రేపు ఇంటర్వ్యూ చేయబోయేవాళ్లూ ఉండొచ్చు. ఉచితంగా పోస్తున్నారు కదా అని పరిమితి దాటిన రాత్రి ఆఫీసులో చాలాకాలం గుర్తుంటుంది.

వాన, ఉరుములు

మే చివర నుంచి సెప్టెంబరు దాకా మధ్య ఫ్లోరిడాలో మధ్యాహ్నం, సాయంత్రం ఉరుములతో వాన మామూలు. అమెరికాలో పిడుగులు ఎక్కువగా పడే ప్రాంతాల్లో ఇదొకటి. దగ్గర్లో మెరుపు పడితే బయటి కోస్టర్లన్నీ ఆపేస్తారు. చాలామంది అక్కడితో నిరాశపడి బస్సెక్కేస్తారు. మీరు ఉండిపోండి. ఆ వాన తరచుగా గంటలో వెలిసిపోతుంది. అంతసేపు ఫర్బిడెన్ జర్నీ, స్పైడర్‌మ్యాన్ లాంటి లోపలి రైడ్లు ఎక్కండి. వాన వెలిశాక కోస్టర్లు మళ్లీ మొదలయ్యేసరికి జనం సగమై ఉంటారు. మడతపెట్టి జేబులో పెట్టుకునే ప్లాస్టిక్ రెయిన్‌కోటు సూపర్‌మార్కెట్లో ముందే కొనుక్కోండి.

మనుషులతో

సెషన్ గదిలో నోరు తెరవని మనిషి రైడ్ లైన్లో బోలెడు కబుర్లు చెప్తాడు. పది నిమిషాలు పక్కపక్కన నిలబడాలి, ఇద్దరికీ కొంచెం భయం, మాట దానంతటదే వస్తుంది. ‘ఏ కంపెనీ, ఏం పని’ అని మొదలుపెట్టకుండా ‘ఇది ఎక్కారా ఇంతకుముందు’ అని అడగండి. వెనకనుంచి తెలుగు వినిపించడం అక్కడ అరుదేమీ కాదు. డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో వచ్చినవాళ్లు ‘మీదే ఊరండీ’ అని పలకరిస్తారు. కలుపుకోండి. అలాగని రాత్రంతా మన గుంపులోనే ఉండిపోకండి. మీ టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లు, ఒంటరిగా వచ్చినవాళ్లు ఉంటే మీరే పిలవండి. మొదటిసారి అమెరికా వచ్చిన పాతికేళ్ల కుర్రాడికి ‘రా బాబూ, మాతో రా’ అన్న మాట ఎంత ధైర్యమో మాటల్లో చెప్పలేం. రైడ్ ఎక్కని అమ్మాయో పెద్దాయనో ఉంటే ప్రతిసారీ వాళ్లకే బ్యాగులు అప్పగించి పోవద్దు. వాళ్లు కూడా చూడగలిగే షో ఒకటో, డయాగన్ ఆలీలో నడకో ప్లాన్లో పెట్టండి.

తిరుగు ప్రయాణం

చివరి బస్సు ఎప్పుడో గేటు లోపలికి వెళ్లేటప్పుడే డ్రైవరునో వాలంటీరునో అడగండి. ముగింపు సమయానికి పావుగంట ముందు బయల్దేరినవాళ్లకి సీటు వెంటనే దొరుకుతుంది, ఆ తర్వాత వచ్చినవాళ్లు చాలాసేపు నిలబడతారు. మీ హోటల్ ఏ రూట్ నంబరు బస్సులో వస్తుందో ఫొటో తీసుకుని పెట్టుకోండి, అర్ధరాత్రి బస్సులన్నీ ఒకేలా కనిపిస్తాయి. బస్సు తప్పితే ఊబర్, లిఫ్ట్ ఉన్నాయి, కానీ యూనివర్సల్‌లో వాటిని ఎక్కే చోటు పార్కింగ్ గ్యారేజీ వైపు ఉంటుంది. గేటు నుంచి అక్కడికి బాగానే నడవాలి. ఒంటరిగా ఉన్న ఆడవాళ్లు సహోద్యోగులతో కలిసి వెళ్లేలా చూసుకోండి.

గదికి చేరాక ఒక గ్లాసు నీళ్లు తాగి, బ్యాడ్జీని తలుపు పక్కన పెట్టి, మరుసటి ఉదయం తొలి సెషన్‌కి రికార్డింగ్ ఉందో లేదో యాప్‌లో చూడండి. ఉంటే అలారం గంట వెనక్కి జరిపి పడుకోండి.